రాజక్క గోడ మీది పదహారంకెలు

నానిన తునికాకు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు వేములవాడ దగ్గరి మా ఇల్లు, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే మా రాజక్క గుర్తొస్తారు. వానాకాలం చూరు నీళ్ళ చప్పుడు, పొయ్యిలో కాలే మక్కకంకులు, అన్నిటి మీదా సన్నగా పేరుకునే తంబాకు దుమ్ము, అదీ మా చిన్నతనం. బాగుండేదని చెప్తే అబద్ధమవుతుంది.

అక్క ఐదో తరగతితో బడి మానేసింది. అంతకు ముందే పంతులు ఒక వింత చూపించాడు. ఒకటిని ఏడుతో భాగిస్తూ పోతే 142857 వస్తుంది. దాన్ని రెండుతో గుణిస్తే 285714, ఆరుదాకా దేనితో గుణించినా అవే అంకెలు వరుస చెడకుండా చుట్టూ తిరుగుతాయి, ఏడుతో మాత్రం అన్నీ తొమ్మిదులే. పదిహేడుతో భాగిస్తే ఇట్లాంటిదే ఇంకా పెద్దది వస్తుందట, తను చేసి చూడలేదన్నాడు. అక్కకు ఆ పిచ్చి పట్టుకుంది. బీడీలు అప్పజెప్పి వచ్చిన సాయంత్రాలు బొగ్గుముక్కతో గోడ మీద భాగహారం చేసి 0588235294117647 రాబట్టింది. ముందున్న సున్నాను వదిలితే చుట్టు తెగుతుందని నాకు మరీ మరీ చెప్పేది. రెండుతో గుణించింది, తిరిగింది, మూడుతోనూ తిరిగింది. ఆకు కోస్తూ నాతో ఆ అంకెలు వల్లె వేయించేది, తప్పితే మొట్టికాయ.

"పదిహేడుతోని గుణిస్తె అన్ని తొమ్మిదులే రావాలె. గదొక్కటి నా కండ్లతోని జూడాలె," అనేది.

ఇప్పుడే చేసి చూడరాదా అంటే వినేది కాదు. "ఆఖరుది ముందే జూస్తె ఏం మజా ఉంటదే?"

దగ్గు ముదిరింది. చెయ్యి ఎత్తలేక గోడ పక్కన ఊరికే కూర్చునేది. పదకొండుతో గుణకారం సగంలో ఆగింది, అక్క ఆ చలికాలం దాటలేదు.

మైల తీసే రోజు ఇంటికి సున్నం వేయడం మా ఆచారం. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. అవ్వకు చదువు రాదు, అవి అక్క అంకెలని మాత్రం తెలుసు. కుంచె పట్టుకుని గోడ ముందు నిలబడిపోయింది. "ఎయ్యకుంటె మైల పోదు," అన్నాడు బాపు. వేసింది. ఇద్దరి మీదా నాకు చాన్నాళ్ళు కోపం పోలేదు.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళ పేరుమీద బియ్యం, కూరగాయలు ఇచ్చేవాళ్ళం. పెళ్ళికాని పిల్లకు మా ఇంట్లో ఆ లెక్క లేదు. అందుకని ప్రతి ఏడూ అవ్వ గారెలు తీస్తూ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి, "అక్క అంకె సదువు బిడ్డా," అనేది. చదివేదాన్ని. నాకు పెద్ద గుణకారాలు వచ్చిన సంవత్సరం, పలక మీద పదిహేడుతో చేసి చూశాను.

"అన్ని తొమ్మిదులే అచ్చినయి అవ్వా."

"దానికి తెల్వకపాయె," అని అవ్వ మూకుడు వైపు తిరిగింది.

ఇప్పుడు మా వాడలో చాటలు లేవు, ఆ ఇల్లూ లేదు, అవ్వాబాపులూ లేరు. పెత్రమాసకు నేనే బియ్యం ఇస్తాను. ఎవరెవరి పేరుమీద అని అయ్యగారు అడుగుతారు. బాపు పేరు చెప్తాను, అవ్వ పేరు చెప్తాను. ఇంకెవరైనా ఉన్నారా అంటే, ఆచారం తెలిసినదాన్ని కాబట్టి, లేరంటాను.