అక్క స్విమ్మింగ్ పూలూ, నా అనుమానాలూ

ఆ రోజుల్లో ఎవరినైనా నమ్మడమంటే నాకు చిన్నతనంగా ఉండేది. తప్పు నాది కాదు, ఉద్యోగానిది. నాచారం పారిశ్రామికవాడలో ఒక బిస్కెట్ల కంపెనీలో క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరాను. బెల్టు మీద వచ్చే ప్యాకెట్లలో ఏది సరిగ్గా అతకలేదో, దేని తూకం తగ్గిందో కనిపెట్టడమే పని. పొద్దస్తమానం తప్పులు వెతికినవాడు సాయంత్రం ఇంటికి రాగానే మామూలు మనిషైపోతాడా? నేను కాలేదు. ఉప్పల్లో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి గనక, మిగిలిన అనుమానమంతా ఆ ఇంటి మీదే ఖర్చుపెట్టేవాణ్ణి. (పాలగిన్నె ఎత్తి వెలుతురులో పరీక్షగా చూస్తుంటే, బావ పేపరు చాటునుంచి "మీ తమ్ముడికి కాఫీ ఇప్పుడిస్తావా, రిపోర్టు వచ్చాక ఇస్తావా?" అని అక్కని అడిగేవాడు.)

సరిగ్గా ఆ వేసవికి ముందే అక్క ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించింది. పూల్ అంటే పెద్దగా ఊహించుకోకండి, నాలుగు బారలు వేస్తే అవతలి గోడ తగులుతుంది. అక్క స్కూల్లో లెక్కల టీచరు. పెళ్లికి ముందు మా ఊరి కాలవని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేసిన మనిషి, హైదరాబాదు వచ్చాక మళ్లీ నీళ్లలోకి దిగలేదు. ఆ బెంగ లోపల ఎన్నేళ్లుగా దాచుకుందో గాని, కారు షెడ్డుకని వదిలిన జాగా కనబడగానే తన జీతంలో దాచిందంతా అక్కడ పోసింది. రైల్వేలో పనిచేసే బావ మొదట్నుంచీ వద్దనే అన్నాడు. ఎందుకంటే ఒకరోజు దోమలన్నాడు, మరోరోజు కరెంటు బిల్లన్నాడు, ఇంకోరోజు ఇంటి పునాది చెమ్మెక్కుతుందన్నాడు. (పూటకో కారణం చెప్పేవాణ్ణి నేను వెంటనే అనుమానించాలి. అక్క మొగుడు కదా అని వదిలేశాను.) చివరికి ఒప్పుకున్నాడు గాని ఒక మెలిక పెట్టాడు. వేసవి సెలవులు అయ్యేలోగా నీళ్లు మనిషి దిగేలా కుదురుకోకపోతే మట్టి తోలించి పూడ్పించేస్తానన్నాడు. అక్క సరేనంది. లెక్కల టీచరు కదా, నీళ్లు కూడా లెక్క ప్రకారం నడుస్తాయనుకుంది.

నడవలేదు. చిన్న గాజు గొట్టంలో పూల్ నీళ్లు పట్టి, ఎర్రమందు చుక్కలు వేసి, రంగు చూడాలి. పసుపుపచ్చగా ఉంటే పులుపెక్కువ, ముదురు గులాబీగా ఉంటే క్షారం ఎక్కువ, ఆ మధ్యలో లేత ఎరుపు వస్తే పీహెచ్ సరిపోయినట్టు. మాకెప్పుడూ ముదురు గులాబీయే. అక్క కొలిచి యాసిడ్ పోస్తే సాయంత్రానికి దారికొచ్చేది, తెల్లారి చూస్తే మళ్లీ మొదటికే. నాచారంలో పూల్ సామాన్లమ్మే దుకాణదారుణ్ణి అడిగితే, "కొత్త సిమెంటు గద మేడం, జర ఓపిక పట్టాలె. గోడలు బ్రష్షుతోని రుద్దుతనే ఉండాలె" అన్నాడు. ఎన్నాళ్లు ఓపిక పడితే అన్ని డబ్బాల యాసిడ్ అమ్ముకోవచ్చని అతని ఎత్తుగడ అని ఇంటికొచ్చాక అక్కకి వివరించాను. పైగా అతని క్లోరిన్ బిళ్లలు మానిపించి, చవకగా వస్తుందని బ్లీచింగ్ పౌడరు బస్తా తెప్పించాను. అప్పట్నుంచి గులాబీ ఇంకాస్త ముదిరింది. నా అనుమానం బలపడింది. రాత్రిపూట ఎవరో వచ్చి నీళ్లలో ఏదో కలుపుతున్నారు.

ఎవరో కాదు, పావురాల మామే అని తేల్చేశాను. ఆయనది పక్కిల్లు. డాబా మీద చెక్కగూళ్లలో పావురాల్ని పెంచి, పొద్దునే ఈలవేసి ఎగరేసేవాడు. పూల్ తవ్వుతున్న రోజే గోడమీంచి చూసి, తాగనీకి నీళ్లు లేని ఎండల్లో ఈతకు నీళ్లా అని గట్టిగానే అడిగాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అప్పట్నుంచి ఆయన డాబా మీద తిరిగినా, దగ్గినా, నవ్వినా నాకు కుట్రే కనబడింది. అక్క మాత్రం ఆయన్ని తలుచుకోనేలేదు. రోజూ గొట్టం పట్టుకుని గట్టుమీద కూర్చుని, రంగు చూసి, లోపలికి వెళ్లిపోయేది. సెలవులు కరిగిపోతున్నాయి. ఆ ముఖం చూస్తే నాకు నిజంగా దుఃఖం వచ్చేది.

ఒక శుక్రవారం పొద్దున పళ్లు తోముకుంటూ వెనక్కి వెళ్లాను. పూల్ గట్టు పొడవునా ఎర్రగా పులిమి ఉంది. చిక్కటి ఎరుపు, ఒకచోట ధారకట్టి నీళ్లలోకి జారింది. నా నోట్లో నురగ నోట్లోనే ఉండిపోయింది. ఇది రక్తమే, మా ఇంటికి ఎవరో చేతబడి చేశారని అరుస్తూ లోపలికి పరిగెత్తాను. బావ వచ్చి చూసి పాలిపోయాడు. అక్క గట్టు దగ్గర కూలబడింది. బావ వెంటనే ఫోన్ తీసి, పోచారం వైపు మట్టి ట్రాక్టర్లు తిప్పే మనిషి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

నా అరుపులకి పావురాల మామ గోడ దగ్గరికి వచ్చాడు. నేను నిలదీద్దామని నోరు తెరిచేలోపే ఆయన గట్టు చూశాడు, ముఖం మారిపోయింది. గబగబా మా గేటు తీసుకుని లోపలికి వచ్చేశాడు.

"నా తెల్ల పావురం నిన్న రాత్రి గూటికి రాలే. గిట్ల జేసిన్రా మీరు?" అన్నాడు.

నేను ఆయన్ని అనుమానించినంత శ్రద్ధగా ఆయన నన్ను అనుమానిస్తున్నాడని అప్పుడు తెలిసింది. ఆయన మా మీద, నేను ఆయన మీద, బావ విధి మీద పడి వాదించుకుంటుంటే, బావ వాళ్లమ్మ, అంటే అక్క అత్తగారు, గుడి నుంచి కొబ్బరిచిప్ప పట్టుకుని వచ్చారు. గట్టు వంక చూసి నొసలు చిట్లించారు.

"నేను పొద్దున చక్కగా పసుపు రాసి వెళితే దానిమీద సున్నం ఎవరు పోశారర్రా?"

శుక్రవారం గడపకి రాసినట్టే గంగమ్మ తల్లికని గట్టుకి కూడా పసుపు రాసి, తిరిగొచ్చాక బొట్లు పెడదామని వెళ్లారట. అది వినగానే అక్క దిగ్గున లేచింది. పసుపులో సున్నం పడితే ఎర్రగా అవుతుంది, మన ఇళ్లల్లో దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే కదా అంటూ, వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చింది. తడిపి ఇంటి గడపకి రాసింది, పచ్చగానే ఉంది. పూల్ గట్టుకి రాసింది, చూస్తుండగానే ఎర్రబడింది. కొత్త సిమెంటులో సున్నం ఇంకా ఊరుతూనే ఉంది, నేను తెప్పించిన బ్లీచింగ్ పౌడర్లో సున్నం అదనం. రాత్రిపూట నీళ్లు పాడుచేస్తున్నది మా పూల్ గోడే.

"ఇంట్ల గోడనే దొంగాయె గద టీచరమ్మా," అన్నాడు పావురాల మామ. (ఆయన తెల్ల పావురం మధ్యాహ్నానికి నాగోల్ వైపునుంచి తాపీగా ఎగిరొచ్చింది. ఎక్కడికి వెళ్లిందో ఏమో, దాని మీద కూడా నాకు కొన్ని అనుమానాలున్నాయి.)

ఆ రోజు నుంచి గోడలు రుద్దడం నా వంతైంది. బస్తా అటకెక్కింది, బిళ్లలు తిరిగొచ్చాయి, యాసిడ్ కొంచెం కొంచెంగా పోశాం. సెలవుల చివరి వారంలో గొట్టంలో లేత ఎరుపు వచ్చింది. మర్నాడూ అలాగే నిలిచింది.

అక్క పాత పంజాబీ డ్రెస్ వేసుకుని మెట్లు దిగింది. అప్పుడు చూశాను బావని. ఎక్కణ్ణుంచి తెచ్చాడో లారీ ట్యూబు ఒకటి చంకన పెట్టుకుని, దానికి కట్టిన తాడు రెండో కొస నడుముకి చుట్టుకుని, గట్టు చివర నిలబడ్డాడు. పెదవులు తెల్లబడ్డాయి. అక్క మునిగి, అవతలి గోడ తాకి, తిరిగొచ్చి జుట్టు వెనక్కి తోసుకుంది. పదిహేనేళ్లు చిన్నదైపోయింది.

"ఏంటండీ ఆ వేషం?" అంది.

"నాకు ఈత రాదు," అన్నాడు బావ. "నీకేదన్నా అయితే నేను దూకలేను. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసి, దోమలన్నాను."

అక్క నవ్వలేదు. ఈదుకుంటూ వచ్చి ఆయన పాదం పట్టుకుంది. "అయితే దిగండి. నేను నేర్పుతాను," అంది. బావ చాలాసేపు తటపటాయించి, ప్యాంటు మడుచుకుని, మొదటి మెట్టు మీద కూర్చున్నాడు.

ఇన్నేళ్లయినా బావ నడుంలోతు దాటి వెళ్లడు. అక్క ఈదినంతసేపూ ఆ నడుంలోతులోనే నిలబడి ఉంటాడు. పాలవాణ్ణి, దుకాణదారుణ్ణి, పావురాన్ని కూడా వదలకుండా అనుమానించిన ఆ కుర్రాడికి, ఒకే ఇంట్లో ఉన్న మనిషి భయపడుతున్నాడన్న అనుమానం మాత్రం రాలేదు. వాడి మీద ఇప్పుడు కోపం లేదు, కాస్త జాలే. ఎప్పుడు ఉప్పల్ వెళ్లినా ఆ గట్టు మీద కూర్చుని వాళ్లిద్దరినీ చూస్తూ ఉంటాను. ఏంట్రా అలా చూస్తున్నావని అక్క అనుమానంగా అడుగుతుంది. ఏమీ లేదని నవ్వేస్తాను.