గోడకు కళ్ళు

"తెలుగు మేడం పోయారట."

పొద్దున్నే మా హైస్కూలు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కనిపించిన మాట ఇది. దాని కింద వరసగా దండాలు, కన్నీళ్ళ బొమ్మలు. నేను మాత్రం ఆ చివరి 'ట' దగ్గరే ఆగిపోయాను. ఎవరు చెప్పారో, ఎవరు చూశారో అడక్కుండానే ఇంతమంది ఏడ్చేశారని తెలిస్తే మేడం మా అందరినీ బెంచీ ఎక్కించేవారు. వాళ్ళ కోడలికి ఫోన్ చేశాను. "నిజమేనండీ, తెల్లారుజామున నిద్రలోనే పోయారు," అంది. అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు.

పొదిలి దగ్గర మా జిల్లా పరిషత్ హైస్కూల్లో మేడం మాచేత గోడపత్రిక నడిపించేవారు. చార్టుల మీద స్కెచ్ పెన్నులతో మేమే వార్తలు రాసి, స్టాఫ్ రూము బయట గోడకు అంటించేవాళ్ళం. దానికి 'గోడకు కళ్ళు' అని పేరు పెట్టింది ఆవిడే. "గోడలకి చెవులు ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటివల్లే కొంపలు మునుగుతున్నాయి. మనకి కావాల్సింది కళ్ళు," అనేవారు. ఒక్క అక్షరం తప్పినా చార్టు మొత్తం మళ్ళీ రాయించేవారు. పల్లెటూరి బడి గోడను ఎవరు చదువుతారని మేం గొణుక్కునేవాళ్ళం. "ఎవరూ చదవకపోతే మాత్రం తప్పు ఒప్పవుద్దా?" అనేవారు.

ఆవిడకు ఒక వింత అలవాటు ఉండేది. హాజరు పిలుస్తూ పిలుస్తూ మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేవారు. తలెత్తి తలుపు వైపు చూసి, మళ్ళీ మొదలుపెట్టేవారు. చత్వారం వచ్చిందిరా అని మేం నవ్వుకునేవాళ్ళం.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా మా క్లాసు సుజాత బడికి రావడం మానేసింది. ఆ వారం వార్తలు రాసే వంతు రాంబాబుది. 'సుజాత లేచిపోయిందట' అని రాసుకొచ్చాడు. మేడం చదివారు. కొడతారేమోనని వాడు చేతులు ముందే వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏరా, చూశావా?"

"లేదు మేడం. ఊళ్ళో అందరూ అనుకుంటన్నారు."

"అందరూ అంటే ఎవరు? పేరు చెప్పు."

"మా మేనత్త."

"మీ మేనత్త చూసిందా?"

"లేదండి. బస్సులో ఎవరో ఆవిడకి చెప్పారంట."

"ఒక ఆడపిల్ల పరువు తీయడానికి ఎన్ని 'ట'లు కావాల్సొచ్చాయో చూశావా?" అన్నారు మేడం. ఆ కాగితాన్ని చింపలేదు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

చర్చి మానని మనిషి ఆ ఆదివారం ఆరాధన మానుకుని, రాంబాబునూ నన్నూ వినుకొండ బస్సెక్కించారు. అక్కడికి అవతల ఒక ఊళ్ళో మిరప కోతలు జరుగుతున్నాయి. మా వైపు కూలీలు ఏటా అటే పోతారు. కల్లంలో ఆరబోసిన కాయల ఘాటుకు మాకు తుమ్ములు ఆగలేదు. ఆ ఘాటులోనే సుజాత తల్లి పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. మమ్మల్ని చూసి మంట పుట్టే చేతుల్ని ఓణీలో దాచుకుంది.

ఊళ్ళో మాట విని వాళ్ళమ్మ మండిపడింది. "ఎవురన్నారా మాట? నా కూతురు నా పక్కనే ఉందిగా! చేతులు చాలక తెచ్చుకున్నానండీ టీచరుగారూ. కోతలవ్వంగానే పంపిస్తా."

"పరీక్షలకి వస్తావా?" అని మేడం సుజాతనే అడిగారు.

"వస్తానండి."

తిరుగు బస్సులో నేను వార్త రాశాను. 'సుజాత తల్లితో మిరప కోతలకు వెళ్ళింది. మేము చూశాం. పరీక్షలకు వస్తుంది.' మేడం ఆఖరి మాట కింద వేలు పెట్టారు. "వస్తుందని చూశావా? వస్తానంది. అంతవరకే రాయి."

అప్పుడు చెప్పారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. వెనక పనిచేసిన బడిలో ఇంకో అమ్మాయి మీద కూడా ఇదే మాట పుట్టిందని, తను విని ఊరుకున్నానని. "ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు. జ్వరంతో ఇంట్లోనే పడుంది. ఊరంతా ఆ మాట అన్నాక ఇంక బడి గడప తొక్కలేకపోయింది. బడికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులేనర్రా. వెళ్ళి చూడలా నేను. ఇప్పటికీ హాజరులో ఆ పిల్ల పేరు నోటిదాకా వస్తుంది." రాంబాబు తల దించుకున్నాడు. ఆ తర్వాత మేం హాజరప్పుడు ఎప్పుడూ నవ్వలేదు.

పరీక్షల మొదటిరోజు బెల్లు కొట్టినా మేడం గేటు దగ్గర్నుంచి కదల్లేదు. సుజాత పరుగెత్తుకుంటూ వచ్చింది. మేడం గది వైపు చెయ్యి చూపించారు. సాయంత్రం మమ్మల్ని పిలిచి, "ఇప్పుడు రాయండి," అన్నారు. చార్టు అడుగున ఒకే ఒక్క మాట రాశాం. 'వచ్చింది.'

నేనిప్పుడు గుంటూరులో ఒక పత్రిక డెస్కులో పనిచేస్తున్నాను. మా వాళ్ళు 'ట' రాయరు. దానికి కోటు తొడిగి 'సమాచారం' అంటారు, 'తెలిసింది' అంటారు. అలాంటి వాక్యం వచ్చినప్పుడల్లా నా కుర్చీ వెనక ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. చాలాసార్లు తిరిగి చూశాను. ఎవరూ ఉండరు. అయినా ఫోన్ తీసి విలేకరిని అడుగుతాను, మీరు చూశారా అని. నన్ను చాదస్తుల్లో జమకట్టేశారు. కట్టనీ. మేడం నాకు అన్నం పెట్టే విద్యే కాదు, నిద్ర పట్టనివ్వని భయం కూడా ఇచ్చారు. రెంటికీ ఋణపడి ఉన్నాను.

మొన్న జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. చర్చి ఆవరణలో పాత విద్యార్థులు కట్టించిన పెద్ద ఫ్లెక్సీ. మేడం ఫొటో, దాని పక్కన రంగు అక్షరాల్లో 'శ్రద్దాంజలి'. ద్ధ ఉండాల్సిన చోట ద్ద. అందరం ఒకేసారి చూశాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

అప్పుడొచ్చింది సుజాత, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి తిన్నగా. ఒక్కసారి చూసింది. చెప్పులు విడిచి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎక్కింది. నేను కుర్చీ పట్టుకున్నాను. బ్యాగులోంచి మార్కర్ తీసి, లేని ఒత్తు గీత గీసి అక్షరం దిద్దింది.

దిద్దాక కూడా దిగలేదు. ఫొటోలో మేడం ముఖానికి ఎదురుగా, మూత పెట్టని మార్కర్ పట్టుకుని, సరిగ్గా ఉందో లేదో చెప్తారేమోనని అలాగే నిలబడింది.