దుమ్ముకి పాలెందుకు

నా కళ్ళ మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఒట్టుకి కళ్ళనే ఎందుకు ఎంచుకున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మిరప బస్తా అయితే ఏ మార్కెట్ యార్డులోనో దించేసేవాణ్ణి. ఇది దిగదు. ఊళ్ళో ఎవరికైనా చెబుదామంటే నా మాట ఎవరూ నమ్మరు. యార్డులో బస్తాకి తరుగు తీసినట్టు, నేనేం చెప్పినా సగం తీసేసి వింటారు. తప్పు వాళ్ళది కాదు. మా జట్టు పిల్ల కొట్టిన బంతి రోడ్డున పోయే పత్తి లారీలో పడి సింగరాయకొండ దాకా వెళ్ళిందని చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు.

పొద్దున మిరప చేను, సాయంత్రం ఆడపిల్లలకి బేస్‌బాల్. ఇదీ నా బతుకు. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న ఆట. గుండ్రటి బ్యాటు మొదటిసారి ఊళ్ళోకి తెచ్చినప్పుడు, రోకలితో క్రికెట్టేంట్రా అని అరుగుల మీద నవ్వారు. నవ్వనీండి. పిల్ల మొదటిసారి బంతి పట్టినప్పుడు ఏం చేస్తుందో ఆ నవ్వినవాళ్ళకి తెలియదు. బంతి వంక చూడదు. గ్లౌజు గట్టిగా మూసి, ముందు మన వంక చూస్తుంది. ఆ చూపు కోసం ఎన్ని ఎండలైనా ఓర్చుకోవచ్చు.

ఇప్పటి ఆటలు టీవీలో చూస్తూనే ఉంటాను, తిడుతూనే ఉంటాను. ఆటగాళ్ళని వేలం వేస్తారు. మా యార్డులో కనీసం బస్తా విప్పి, కాయ విరిచి చూసి మరీ పాడతారు. కుర్రాళ్ళు ఆటకంటే ఫోన్లో పందేలే ఎక్కువ చూస్తున్నారు. ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. అనుమానం వస్తే కెమెరా తిప్పి చూస్తారు. నచ్చింది అన్నానా? భయం కూడా. ఆ కెమెరా ఆ రోజు మా బడి గ్రౌండులో ఉండి ఉంటే?

మా బడి గ్రౌండే కోతలప్పుడు ఊరి కళ్ళం. మిరపంతా అక్కడే ఎండుతుంది. కాయలు ఎత్తుకుపోయినా గింజలూ పొడీ నేలలో మిగిలిపోతాయి. ఆట పెట్టుకునే ముందు నీళ్ళు చల్లి గ్రౌండంతా ఊడ్చాలి. ఆ పని నాది.

ఆ ఏడు కనిగిరి పిల్లలతో ఆట పడింది. జిల్లా జట్టులో ఒక్క చోటు మిగిలింది. మా శిరీషకో, వాళ్ళ షమీమ్‌కో దక్కాలి. జిల్లాకి ఆడితే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటుకి దారి దొరుకుతుంది. ఎంపిక చేసే పెద్దాయన గొడుగు కింద కూర్చున్నాడు. షమీమ్ తండ్రి పరుపులు కుట్టేవాడు. ఆ పిల్ల గ్లౌజు కూడా ఆయన కుట్టిందే. మందపాటి గుడ్డలో దూది కూరి, చుట్టూ దబ్బనంతో బిగించాడు. ఆ గ్లౌజుతోనే మా వాళ్ళు కొట్టిన బంతులన్నీ పట్టేస్తోంది.

రెండో బేస్ దగ్గర ఊడ్చడం నేను మర్చిపోయాను.

బేస్ అంటే మా దగ్గర ఇసుక నింపిన గోనెసంచి. షమీమ్ బంతిని కొట్టి, మొదటి సంచి దాటి, రెండోదాని మీదికి చేతులు చాచి బోర్లా జారింది. ఎంత అందంగా జారిందని! నా పిల్లల్లో ఎవరికీ రాదది. సంచి అందుకుంది. లేచేసరికి కళ్ళు తెరవలేకపోయింది. నేను పాలు పట్టుకుని పరుగెత్తాను.

"సార్, ఇక్కడ కారం ఉందా?"

"కారమెక్కడిదమ్మా. గాలికి దుమ్ము పడింది. ఇదిగో, పాలల్లో గుడ్డ తడిపి కళ్ళ మీద పెట్టుకో."

"దుమ్ముకి పాలెందుకు సార్?"

మిరప నేలన పుట్టిన ఏ పిల్లనైనా అడగండి. కంట్లో దుమ్ముకి నీళ్ళు, కారానికి పాలు. నా చేయి నిజం చెప్పింది, నోరు అబద్ధం చెప్పింది. అంపైర్ అడిగితే కూడా దుమ్మేనన్నాను. కారమని ఉంటే ఆట ఆపి, ఆ పిల్ల తేరుకునేదాకా ఆగేవాడు. దుమ్ముకి ఎవరాగుతారు? మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చినప్పుడు షమీమ్ దారి తప్పి అవుటైపోయింది. ఆ తర్వాత బ్యాటు పడితే బంతే కనపడలేదు. పెద్దాయన శిరీషని పిలిచి భుజం తట్టాడు.

శిరీష బాగా ఆడింది. సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది. నేను కనిపిస్తే ఇప్పటికీ స్కూటీ ఆపుతుంది. కారం లేకపోయినా ఆ చోటు తనకే దక్కేదేమో. అలా ఎన్నిసార్లు అనుకున్నానో. అలా అనుకున్న ప్రతిసారీ, మరి నీకెందుకురా భయం అని లోపల ఎవడో అడుగుతాడు.

షమీమ్ ఇప్పుడు కనిగిరిలో బట్టలు కుడుతుంది, సాయంత్రాలు పిల్లలకి బేస్‌బాల్ నేర్పుతుంది. ప్రతి వేసవీ తన జట్టుని మా గ్రౌండుకి తెస్తుంది. బాగున్నారా సార్ అంటుంది. తర్వాత సంచిలోంచి పాలసీసా తీసి, రెండో బేస్‌కి దగ్గర్లో నీడ చూసి పెడుతుంది. అంతే. ఏ రోజూ ఒక్క మాట అనలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చుని పిల్లల్ని చూసుకుంటూ, పల్లీలు తింటూ, హాయిగా పొద్దుపుచ్చుతాం. నా లారీ బంతి కథ తన పిల్లలకి చెబుతుంది కూడా. ఆమె నోట ఆ లారీ నెల్లూరు దాటిపోతుంది. ఆ మధ్యాహ్నాల కంటే మంచివి నా ఏడాదిలో లేవు. సీసా వంక మాత్రం చూడలేను.

ఒట్టు వేశాను కనుక ఒక్క సంగతి. ఇందులో ఒకచోట కల్పించాను. లారీ బంతి అనుకుంటున్నారు కదూ? కాదు. అది నిజంగానే వెళ్ళింది, డ్రైవరు తిరుగుదారిలో తెచ్చిచ్చాడు కూడా.

మర్చిపోయానన్నాను చూడండి, అదీ కల్పన. ఆ పొద్దున గ్రౌండంతా ఊడ్చాను. రెండో బేస్ దగ్గరికి వచ్చేసరికి అంతకుముందు ఆటల్లో చూసిన షమీమ్ జారే తీరు గుర్తొచ్చింది. చీపురు చేతిలోనే ఉంది. కాసేపు నిలబడ్డాను. తర్వాత చీపురు గోడకి ఆనించి, శిరీషని పక్కకి పిలిచి, రెండో సంచి దగ్గర జారొద్దు, నిలబడే తొక్కమని చెప్పాను.

ఈ ఒక్క మాటకి తరుగు తీయకండి.