ఒకే దిమ్మ, రెండు తట్టలు

మా మేనమామ కిరాణా కొట్టు చాందా బజారులో ఉండేది. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవాళ్లం. నది అవతలి రాజురా వైపు ఊళ్లు హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి, ముందు బొంబాయిలో, ఆ తర్వాత మహారాష్ట్రలో పడిన రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. కొట్లో బెల్లం దగ్గర కూర్చునేవాణ్ణి. ఆ బెల్లం వల్లే నా పెళ్లి సంబంధం చెడిపోబోయింది. ఆ సంగతే చెప్తున్నాను. ఇందులో మొసలి ముచ్చట ఒక్కటే అబద్ధం, మిగతాదంతా నమ్మవచ్చు.

అవతలి ఒడ్డు నుంచి వారం వారం వచ్చే రైతు ఒకాయన ఉండేవాడు. మునుపు మేం నిజామాబాద్ బెల్లం అమ్మేటప్పుడు దాన్ని తిట్టనిదే కొనేవాడు కాదు. ఆ మార్పుల్లో ఆ సరుకు తెచ్చే వ్యాపారి రావడం మానేశాడు. మామ నాగపూర్ నుంచి తెప్పించడం మొదలుపెట్టాడు. రైతు వచ్చి, తట్ట వైపు చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"మా బెల్లం లేదా?"

"ఏ బెల్లం?"

"గదే, నిజామాబాద్‌ది."

"దాంట్ల ఇసుక ఉంటదంటివి గద," అన్నాను.

"ఉంటే ఉండనీ. మా ఇసుకనే గద."

జాలిపడి చేశానని చెప్పుకోవచ్చు గానీ నాకంత మంచితనం లేదు, సరదాకే చేశాను. మర్నాడు నాగపూర్ దిమ్మ ఒకటి తీసి సుత్తెతో పగలగొట్టి, సగం ఎడమ తట్టలో, సగం కుడి తట్టలో పెట్టాను. ఎడమది నిజామాబాద్, కుడిది కొల్హాపూర్ అన్నాను. అయిపోయినప్పుడల్లా మరో దిమ్మ అలాగే పగలగొట్టేవాణ్ణి.

మా వైపు బెల్లాన్ని గిల్లి నోట్లో వేసుకోకుండా ఎవరూ కొనరు. మరుసటి వారం రైతు ఎడమ తట్టలోది నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. కుడి తట్టలోది చప్పరించి, "పిండి లెక్క ఉన్నది" అని ఉమ్మేశాడు. అదే రోజు ఒక మరాఠీ మాస్టారు రెండూ తిని, కుడిదాన్ని చూపించి, "హా ఆమ్‌చా" అన్నాడు, ఇది మాది అని. ఎడమది గొంతులో గరగరమందట.

మొదట్లో నవ్వు ఆపుకోలేక గల్లాపెట్టె వెనక్కి వంగేవాణ్ణి. పది రోజులకు నవ్వు పోయింది. వాళ్ల ముఖాలు నాకు మూరెడు దూరంలో ఉండేవి. ఎవరూ నటించడం లేదు. ఒకామె ఎడమ తట్ట బెల్లం నాలుక మీద పెట్టుకుని, "మా అమ్మ చేసిన పోలెలు యాదికొచ్చినయ్" అని, ఆ బొబ్బట్లు తలుచుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎక్కడి చెరుకుతో వండారో మా మామకు కూడా తెలియని ఆ దిమ్మలో ఇన్ని ఊళ్లు, ఇందరి అమ్మలు ఎలా పట్టారో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

మాట సాయం కూడా చేశాననుకోండి. ఎడమ తట్ట బెల్లం తెచ్చే బండిని నదిలో మొసలి అడ్డగించిందనీ, బండివాడు ఒక ముక్క విసిరితే దాన్ని బుగ్గన పెట్టుకుని కోఠారి ఊరి దాకా బండి వెనకే కాపలాగా నడిచిందనీ చెప్పేవాణ్ణి.

ఇంతలో నది అవతలి నుంచి నాకొక సంబంధం వచ్చింది. పిల్లను ఇవ్వాలా వద్దా అనేది ఆమె నాయనమ్మ చేతిలో ఉంది. ముసలమ్మ నన్ను చూడ్డానికి కొట్టుకే వస్తోందని కబురు అందింది.

"నోరు మూసుకొని కూసో," అన్నాడు మామ. "నీ మొసలి కత విన్నదంటే పిల్లనియ్యది. ఇంకో సంబంధం నేను దేవలేను."

ఆమె వచ్చి గద్దె అంచున కూర్చుంది. రెండు తట్టల్లోంచి కొంచెం కొంచెం తిన్నది. ముఖంలో ఏమీ కదల్లేదు. తర్వాత ఎడమ తట్టలోంచి ఒక పెద్ద ముక్క, కుడి తట్టలోంచి ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, విరిగిన వైపులు రెండూ ఒకచోట పెట్టింది. సందు లేకుండా అతుక్కున్నాయి. మామకు ఉన్నట్టుండి లవంగాల డబ్బాలో ఏదో పని తగిలింది.

"పిలగా, నిజామాబాద్‌కు కొల్హాపూర్ గింత దగ్గరనా?"

నేను తక్కెడ తుడవడం మొదలుపెట్టాను.

"సరే గని, మీ ఇంటికి ఏ తట్టలది తీస్కపోతవ్?"

"ఎడమదే అవ్వా. గా కుడిది మాకు నచ్చది," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. నిజమే. నెల రోజులుగా ఎడమదే తీసుకుపోతున్నాను. కుడిది ఒకసారి తీసుకుపోతే చప్పగా ఉందని నేనే తినలేదు. పగలగొట్టింది నా చేతులే.

ముసలమ్మ భుజాలు ఊగేలా నవ్వింది. నవ్వు ఆపి అడిగింది. "ధర?"

"రెండింటికీ ఒక్కటే."

"మనోళ్లందరు గీ ఎడమదే గావాలంటుంటే దీనికి ఎక్కువెందుకు పెట్టలె?"

"ఒకటే దిమ్మ గద అవ్వా."

కొంగు ముడి విప్పి డబ్బులు తీసింది. "రెండు సేర్లు కట్టు," అంది. నిండుగా ఉందని కుడి తట్ట మీద చేయి వేశాను.

"గది గాదు. గిందులకెల్లి ఇయ్యి," అని ఎడమ తట్ట చూపించింది.

"తెల్సినంక గూడనా?"

"నాకు తెల్సు. నా నాలుకకు ఎవలు చెప్తరు?" పొట్లం చంకలో పెట్టుకుని లేచింది. "ఆయితారం మీ మామను తోల్కొని రా. పోలెలు చేపిస్త. గా మొసలి కత గూడ తయారు చేసుకొని రా, మా పిల్ల ఊకెనే నమ్మది."

మొసలి కథ ఆమెకు నది అవతలే చేరిపోయిందన్నమాట.

ఆదివారం వెళ్లాం. తలుపు పక్కన నిలబడ్డ పిల్లను చూస్తూ పోలె కొరికాను. నాగపూర్ నుంచి వచ్చిన, నేను పగలగొట్టిన, నేనే కట్టి ఇచ్చిన బెల్లం అది. పంటి కింద ఇసుక తగిలింది. ఒట్టు.