మోటారు గది తాళంచెవి

ఇంద్రసేన వేలిని నాలుకకు తాకించి, పుస్తకం పేజీ తిప్పినట్టు ఫోన్ తెరను జరుపుతాడు. తిరుత్తణి నుంచి ఆవడికి వెళ్లే రైల్లో రోజూ బిట్‌కాయిన్ అనే కంప్యూటర్ డబ్బును నడిపే కోడ్ చదువుతాడు. సగం అర్థం కాదు. కలలో నడిచినట్టు ముందుకు పోతాడు. అందులో పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలని కోరిక. ఊళ్లో నాలుగిళ్ల ఉమ్మడి బావి మోటారు గది తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. అతను ఇల్లు చేరేదాకా ఎవరి చేనికీ నీళ్లు పారవు.

"దాంట్లో పెద్దమనిషి దొరికినాడా బావా? ఊళ్లో నీ తాళం కోసరం మా శెనక్కాయ చేను ఎండతా ఉండాది," అన్నాడు ఒకరోజు పక్కన కూర్చున్న చెల్లెలి భర్త సుదర్శనం.

కిటికీ బయట పొలాలు నీళ్లలా కదిలిపోతున్నాయి. ఇంద్రసేన నడుము తడుముకున్నాడు.

"పెద్దమనిషి ఎవురూ లేరప్పా. ఒకరు రాసింది అందురూ సరిచూస్తారు, అంతే."

మర్నాడు రైలుకు బయల్దేరే ముందు, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, మోటారు గది బయటి మేకుకు, నాలుగిళ్లకూ కనబడేలా తగిలించాడు.