ప్లగ్గు పీకి చూసే కదిరప్ప

ఏ సాఫ్ట్‌వేర్‌నైనా సరే, ప్లగ్గు పీకి చూడనిదే కదిరప్ప నమ్మడు. ఎంత పెద్ద కంపెనీ చేసినా, ఎన్ని లక్షల మంది మెచ్చుకున్నా ఆయనకు లెక్క లేదు. దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తాడు. పది వరసలు టైపు చేస్తాడు. వీరభద్రస్వామికి ఒక దండం పెడతాడు. గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. మళ్ళీ కరెంటిచ్చి, పదింటిలో ఎన్ని వరసలు తిరిగొచ్చాయో వేలుపెట్టి లెక్కపెడతాడు.

తను టైపు చేసుకున్నప్పుడు పీకితే ఎవరికీ బాధ లేదు. మనం టైపు చేస్తున్నప్పుడు కూడా పీకుతాడు.

ఇది ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. వాళ్ళ నాయన బాలప్ప అనంతపురం సంతలో ఎద్దుల దళారి. ఎద్దు అందం ఆయనకు అక్కర్లేదు. నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవాడు, తోక మెలిపెట్టేవాడు, బండరాయి కట్టి నూరడుగులు నడిపించేవాడు. ఆ తరువాతే కొనుక్కోమని రైతుకు చెయ్యి ఊపేవాడు. కొడుకు కాలానికి సంతలో ఎద్దుల కంటే ట్రాక్టర్లు ఎక్కువైపోయాయి. కదిరప్ప గార్లదిన్నె బస్టాండు ఎదురుగా టైపింగు, జిరాక్సు కొట్టు పెట్టుకున్నాడు. కంప్యూటరుకు తోక ఎక్కడుందా అని వెదికాడు. ప్లగ్గు దొరికింది.

కొట్లో మూడు కంప్యూటర్లు. నల్లటి దానిలో విండోస్, దాని పేరు కర్రోడు. పాతబడి పసుపు తిరిగిన దానిలో లినక్స్, అది మైలోడు. బెంగుళూరులో ఎవరో వదిలించుకున్న పాత మ్యాక్ ఒకటి, అది తెల్లోడు. పక్కగోడ నిండా సుద్దముక్కతో రాసిన లెక్కలు. ఫలానా సాఫ్ట్‌వేర్, కర్రోడి మీద ఆరు పళ్ళు, మైలోడి మీద ఎనిమిది. తిరిగొచ్చిన వరసకు ఒక పన్ను. ఎద్దుకు ఎనిమిదికి మించి పళ్ళు లెక్కెయ్యరు కాబట్టి పది వరసలూ తిరిగొచ్చినా ఎనిమిదే రాస్తాడు.

మూలన నాలుగో కంప్యూటరు ఒకటి ఉంది. దాని మీద ఎప్పుడూ తువ్వాలు కప్పి ఉంటుంది. దాని ప్లగ్గు ఆయన పీకగా చూసినవాడు లేడు. గోడ మీద దాని పేరూ లేదు.

తిప్పేష్‌కు ఆ తువ్వాలు చూసినప్పటి నుంచి నిద్ర కరువైంది. ఇంజనీరింగు మూడో ఏడు సగంలో వదిలేసి ఊరొచ్చిన మనిషి. ఏదైనా తెలుసుకోవాలని మొదలుపెట్టడం, సగం తెలియగానే వదిలెయ్యడం అతని పద్ధతి. గిటారు సగం, జపాన్ భాష సగం, కాలేజీ సగం.

"మామా, అందరికీ ఇది వాడు, అది వాడు అని చెప్తావు. నువ్వు వాడేది ఏది? ఆ తువ్వాలు కింద ఉండేదేనా?" అని ఒకరోజు అడిగేశాడు.

"నా ఎద్దుతో నీకేం పనప్పా? నీ చేను సంగతి చూసుకో."

ఆ మాట అంటూనే కదిరప్ప గోడ దగ్గరికి నడిచాడు. కర్రోడి ముందు రాఘవేంద్ర కూర్చుని ఉన్నాడు. సర్పంచి పదవికి నిలబడిన మనిషి, మూడుగంటల నుంచీ ప్రసంగం టైపు చేస్తున్నాడు. టప్పుమని తెర ఆరిపోయింది.

"ఏందప్పా కదిరప్పా ఇది! పద్నాలుగు పేజీలు!"

"సేవ్ కొట్టినావా అన్నా?"

"కొట్టలే!"

"అయితే అది నీది కాదన్నా. గాలిది."

రాఘవేంద్ర తిట్టిన తిట్లు బస్టాండు దాకా వినిపించాయి. మరుసటి రోజు సభలో ఆయన చీటీ ముక్క చూసి నాలుగు ముక్కలు మాట్లాడి దిగిపోయాడు. ఎండలో నిలబడిన జనం చప్పట్లు కొట్టారు. గెలిచాడు కూడా. అది తన వాక్చాతుర్యం అనుకుంటున్నాడు ఇప్పటికీ.

అంత తిట్టుకుంటూ జనం ఆ కొట్టుకే ఎందుకు వస్తారో తిప్పేష్‌కు అర్థమయ్యేది కాదు. సరళ వచ్చిన రోజు కొంత అర్థమైంది. సరళ ఆశా కార్యకర్త. ఇంటింటి వివరాలు రాసుకోవడానికి ఏది మంచిదో చెప్పమంది.

"మంచిదని యాడా ఉండదమ్మా. నీ చేనేది చెప్పు."

"నాకు చేనెక్కడిది మామా? అంతా నడిచి తిరిగేదే."

"అదే అడుగుతాండా. యాడ రాస్తావు?"

"ఫోన్లో రాస్తా. ఆస్పత్రిలో కంప్యూటరు ఉండాది. ఇంట్లో మా చెల్లెలి పాత ల్యాప్‌టాపు."

"మూడు చేన్లు. ఒగటి ఎర్రనేల, ఒగటి నల్లరేగడి, ఒగటి గులకరాళ్ళు. మూడింట్లోనూ నడిచే ఎద్దు కావాల నీకు."

పదకొండు రోజులు పట్టింది ఆయనకు. ఎన్నింటినో ఎక్కించాడు, పీకాడు, గోడ మీద రాశాడు. చివరికి అక్షరాలు తప్ప ఇంకేమీ లేని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టాడు. రంగుల్లేవు, బొమ్మల్లేవు.

"ఇంత బక్కదా మామా?" అంది సరళ.

"బక్కదే. మేత తక్కువ. సిగ్నల్ లేని ఊర్లోనూ నడుస్తాది. ఈడ రాసింది ఆడ తెరుచుకుంటాది. ఇంకేం కావాల?"

సరళ తెరిచి చూస్తే అక్షరాలు మామూలు కంటే రెండింతలున్నాయి. ఆమె తెరకు ముక్కు ఆనించి చదవడం ఆయన ఎప్పుడు గమనించాడో ఆమెకే తెలియదు.

తిప్పేష్‌కు మాత్రం ఈ బక్క ఎద్దులంటే చిన్నచూపు. అతను అవ్వ ఓబమ్మతో కలిసి ఒక పుస్తకం తలపెట్టాడు. గొర్రెలకొచ్చే జబ్బులు నలభై రెండు, వాటిని గుర్తుపట్టే ఆనవాళ్ళు, అవ్వ నోట్లో ఉన్నవన్నీ. మూడు వారాల తర్వాతి సోమవారం అనంతపురంలో కాపర్ల సంఘం సభ. ఆ లోపల అచ్చువేసి పంచాలి. అవ్వకు పుస్తకం కంటే మనవడి మీదే ఎక్కువ బెంగ.

"ఇది కూడా సగంలో ఇడిస్తే నిన్ను గొర్రెల్లో కలిపేస్తా. అవైనా మేత సగంలో ఇడవవు," అంది.

మొదటిరోజు ఇద్దరూ కొట్లో కూర్చుని టైపు చేస్తుండగా, నీలినాలుక జబ్బు దగ్గరికి రాగానే కదిరప్ప తెల్లోడి ప్లగ్గు పీకాడు.

"మామా!" అని తిప్పేష్ లేచి నిలబడ్డాడు.

ఓబమ్మ కదల్లేదు. "ఎందుకురా అరుస్తావు? నోట్లో ఉండేది కరెంటుతో పోతాదా? రాసుకో, మళ్ళా చెప్తా."

ఆ దెబ్బకు తిప్పేష్ తన ల్యాప్‌టాపు పట్టుకుని గొర్రెల దొడ్డికి మకాం మార్చాడు. ఎవరెవరో రాసిన జాబితాలు చదివి పదకొండు సాఫ్ట్‌వేర్లు దింపి, పది తీసేసి, ఒకదాన్ని మిగుల్చుకున్నాడు. రాయడం, బొమ్మలు, క్యాలెండరు, చెయ్యాల్సిన పనుల పట్టిక, అన్నీ అందులోనే. దానికి రంగులద్దడానికే నాలుగు రోజులు పట్టింది.

"తోక మెలిపెట్టి చూసినావా?" అని అడిగాడు కదిరప్ప.

"దీనికి అట్లాంటివేం అవసరం లేదు మామా."

"కొత్త పెండ్లికొడుకు మాదిరి మాట్లాడతాండావు."

అయినా కొట్టుకు వెళ్ళక తప్పేది కాదు. తన ల్యాప్‌టాపులో కుదురుగా ఉన్న ఒత్తులు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే ఊడి పక్కన పడేవి. ప్రెస్సువాళ్ళ దగ్గర ఏం జరుగుతుందో అని భయం. అందుకని రోజూ సాయంత్రం పెన్‌డ్రైవు తెచ్చి కర్రోడిలో, మైలోడిలో, తెల్లోడిలో తెరిచి చూసుకుని పోయేవాడు. కదిరప్ప ఒత్తులు ఊడని అక్షరాలు ఏవో వెదికి ఎక్కించాడు. అందుకు థాంక్సు చెప్పాలని తిప్పేష్‌కు తోచలేదు.

సభకు ముందరి గురువారానికి నలభై ఒకటి పూర్తయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నానికి ఫైలు పంపకపోతే సోమవారానికి అచ్చు కాదని ప్రెస్సువాళ్ళు తేల్చి చెప్పారు. శుక్రవారం పొద్దున మిగిలింది ఒక్కటే, చిటుకు రోగం. అవ్వ మందు తాపే పద్ధతి చూపిస్తానని వెదురుగొట్టం నిండా కషాయం పోసి, ఒక పొట్టేలును పట్టుకొచ్చింది. దానికి ఏ జబ్బూ లేదు. ఆ సంగతి దానికి తెలుసు. గొట్టం మూతి దగ్గరికి రాగానే ముందుకాళ్ళు ఎత్తి ఒక్క గెంతు గెంతింది. కషాయమంతా ల్యాప్‌టాపు తాగింది. గెంతి దిగిన కాలు పెన్‌డ్రైవు మీద పడింది.

ల్యాప్‌టాపు ఒకసారి గురక పెట్టి ఆగిపోయింది.

తిప్పేష్ తడి ల్యాప్‌టాపు చంకన పెట్టుకుని కొట్టుకు పరుగెత్తాడు. వెనకాలే ఓబమ్మ.

"మామా, పోయింది. అంతా పోయింది."

కదిరప్ప ల్యాప్‌టాపును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వేపాకు వాసన వస్తాండాది."

"నవ్వులాటగా ఉండాదా నీకు? మధ్యాహ్నానికి పంపాల! నా బతుకులో ఒగటన్నా మొదలుపెట్టింది ముగిస్తాననుకుంటి."

ఆ మాటకు కదిరప్ప నవ్వు ఆపేశాడు. మూలకు నడిచి తువ్వాలు తీశాడు.

తెర వెలుగుతూనే ఉంది. కరెంటు పోయినా ఆగకుండా బల్ల కింద ఒక పాత ట్రాక్టరు బ్యాటరీ, దానికి తగిలించిన వైర్లు. తెర మీద పేర్లు, ఒకదాని కింద ఒకటి. సరళ. రాఘవేంద్ర. ఇంకా నలభై, యాభై మంది. వాటి మధ్యలో "ఓబమ్మ, గొర్రెలు". తెరిస్తే నిన్నటి సాయంత్రం దాకా, తేదీల వారీగా, నలభై ఒక్క జబ్బులూ ఆరోగ్యంగా ఉన్నాయి.

"నా ఎద్దు ఏదని అడిగితివి కదా? ఇదే. చిన్న సాఫ్ట్‌వేరు. ఆ మూడిట్లో ఎవరు ఏం రాసినా, తెరిచినా, నిమిషానికోసారి ఒగ నకలు తెచ్చి ఈడ పెడతాది. దానికింక వేరే పని రాదు. నేను తెరిచి చదవను. దాస్తానంతే."

తిప్పేష్ తెర మీది పేర్లన్నీ మళ్ళీ ఒకసారి చదివాడు. "అంటే నువ్వు ప్లగ్గు పీకిన ప్రతిసారీ..."

"దాచకుండా పీకేంత పాపిష్టోడినా?"

"మరి చెప్పొచ్చు కదా మామా!"

"చెప్తే మీకు భయం పోతాది. భయం పోతే ఒగడూ సేవ్ కొట్టడు. రేపు యాడనో నా తువ్వాలు లేని తావున కరెంటు పోతే?"

"నీలినాలుక మాకు తిరిగి ఇయ్యలేదే?"

"మీ అవ్వ రెండోసారి ఇంకా బాగా చెప్తాండె. ఎందుకు అడ్డం రావాల?"

"రాఘవేంద్రన్నది?"

కదిరప్ప కాస్త సిగ్గుపడ్డాడు. "అదొకటి కావాలనే ఇయ్యలేదు. పద్నాలుగు పేజీలప్పా. జనం ఎండలో ఉండారు."

నలభై రెండోది ఓబమ్మ అక్కడే చెప్పింది. తిప్పేష్ మైలోడి ముందు కూర్చుని, వరసకోసారి సేవ్ కొడుతూ రాశాడు. పన్నెండింటికి పది నిమిషాల ముందు ఫైలు ప్రెస్సుకు వెళ్ళిపోయింది.

తీరిక దొరకగానే తిప్పేష్‌కు గోడ గుర్తొచ్చింది. "మామా, నీ ఎద్దుకు పళ్ళెన్ని?"

కదిరప్ప తువ్వాలు దులపడం మొదలుపెట్టాడు. "దానికెందుకులే."

"పీకి చూడలేదా?"

"అందరివీ దాంట్లో ఉండాయి కదప్పా... చెయ్యి రాలేదు."

తిప్పేష్ తెల్లోడి దగ్గర ఏదో పని చూసుకుని, కొంతసేపటికి లేచాడు. మూల గోడ దగ్గరికి నడిచాడు.

"వద్దురా, వద్దు!"

"పీకురా," అంది ఓబమ్మ.

పీకాడు. బ్యాటరీ ఒక్క క్షణం ఆలోచించింది. తెర ఆరిపోయింది. ఎండలకు దానిలో నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి. నాలుగేళ్ళుగా ఎవరూ మూత తీసి చూడలేదు. ఊరందరి ప్లగ్గులూ పీకిన కదిరప్ప తువ్వాలు నెత్తిన వేసుకుని నేలమీద కూలబడ్డాడు.

"పోయినాయా? అందరివీ పోయినాయా?"

తిప్పేష్ తెల్లోడి తెరను ఆయన వైపు తిప్పాడు. సరళ, రాఘవేంద్ర, ఓబమ్మ, అందరూ అక్కడ వరుసగా కూర్చుని ఉన్నారు.

"దాచకుండా పీకేంత పాపిష్టోడినా మామా?"

కదిరప్ప నెత్తి మీది తువ్వాలు తీశాడు. లేచి సుద్దముక్క తీసుకుని, గోడ మీద మొదటిసారి ఒక మనిషి పేరు రాశాడు. తిప్పేష్, ఎనిమిది పళ్ళు.

ఏం రాశాడో చెప్పించుకుని ఓబమ్మ చీర కొంగుతో ఆ ఎనిమిదిని తుడిచేసింది. "ఆరు పెట్టు కదిరప్పా. పుస్తకం అచ్చయి నా చేతికి రానీ, అప్పుడు చూద్దాం తక్కిన రెండూ."

బ్యాటరీలో ఇప్పుడు నెలకోసారి నీళ్ళు పోస్తున్నారు. గోడ మీద తిప్పేష్ పేరు పక్కన సోమవారం సాయంత్రం నుంచి ఎనిమిదే ఉంది.