మబ్బు పట్టిన రోజు ఎండ

మా ఫిజిక్స్ సారు పోయారన్న ఫోను నాకు సూర్యాపేట బస్టాండులో వచ్చింది. కాలేజీకి పోదామని చివ్వెంల బస్సు దిగుతున్నాను. దవాఖానకు తీసుకుపోయేలోపే గుండె ఆగిపోయిందట. తెలంగాణ వచ్చిన ఏడాది, మొదటి వానాకాలం. ఆకాశం నిండా తెల్లమబ్బులు విడివిడిగా తేలుతున్నాయి. సరిగ్గా ఆయనకు కావలసిన ఆకాశమే. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

ఆ కోపం ఇంకా తగ్గలేదు. సంతాప సభలో మా కాలేజీ పెద్దమనిషి ఒకాయన ఫోటోకు దండ వేసి, "పాపం, గా పిచ్చి అద్దంతోనే కాలం గడిపిండు. ఇగ దాన్ని డాబా మీదికెళ్లి దింపుదాం" అన్నాడు. నేను ఆ కాలేజీలోనే సారు దగ్గర చదువుకుని, ఆయన పక్క గదిలోనే పాఠాలు చెప్తున్నదాన్ని. లేచి నిలబడి, "దింపేది లేదు" అన్నాను. ఎందుకు లేదో అక్కడ చెప్పనివ్వలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

సారు వాళ్ళమ్మ మిర్యాలగూడ దగ్గర కాలువ కింది పొలాల్లో నాట్లు వేసి కొడుకును చదివించింది. పెద్దతనంలో ఆమె కంటి మూలలో కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకింది. ఎండలో పనిచేసేవాళ్ళకు అట్లా వస్తుందని డాక్టరు అంటే ఆమె ఒప్పుకోలేదు. "ఎండల నేను నెత్తిమీది కొంగు తియ్యనే తియ్యలే బిడ్డా. మబ్బు పట్టిననాడే తీసేదాన్ని" అందట. సారును ఆ మాట ఏళ్ళ తరబడి నిలవనీయలేదు. కంటికి కనపడకుండా చర్మాన్నీ కళ్ళనూ కాల్చే అతినీలలోహిత కిరణాలు మబ్బు ఉన్నప్పుడు ఎంత దిగుతాయి? ఆయన అడిగింది ఈ ఒక్క ప్రశ్నే.

జవాబు దొరకాలంటే ఆ కిరణాలను కొలిచే మీటరు చూపే అంకె ఒక్కటే చాలదు, ఆ నిమిషాన ఆకాశం ఎట్లా ఉందో కూడా తెలియాలి. ఆకాశం మొత్తాన్ని ఒకే ఫోటోలో పట్టే కెమెరాలున్నాయి గానీ, మాలాంటి కాలేజీకి ఎవరిస్తారు? సారు కోదాడ వెళ్ళి, హైవే పక్కన లారీల షెడ్డులో వెతికి, రోడ్డు మలుపుల్లో పెట్టే ఉబ్బెత్తు అద్దం ఒకటి పట్టుకొచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకునే తెచ్చారు. ఆకాశమంతా అందులో కనిపించేట్టు దాన్ని కాలేజీ డాబా మీద వెల్లకిలా పడుకోబెట్టి, పైన ఇనుప చువ్వలకు మామూలు డిజిటల్ కెమెరాను కిందికి చూసేట్టు బిగించారు. పది నిమిషాలకోసారి అది దానంతటదే ఫోటో తీసేది.

వారం తిరక్కుండానే వెనకింటి ఆవిడ కాలేజీకి వచ్చింది. "సారూ, నువ్వు పెద్దమనిషివనుకున్న. మేం మిద్దె మీద బట్టలారేసుకుంటుంటే గా కెమెరా ఏం సూస్తున్నది?"

"అది మొగులునే సూస్తదమ్మా. కావాలంటే సూడు" అని సారు నవ్వుతూ ఫోటో తెరిచారు. అంచున వంకరగా ఆమె మిద్దె. తీగ మీద చీరలు. వాటి పక్కన ఆమె! సారు లేచి చేతులు జోడించి, "తప్పు నాదే తల్లీ" అన్నారు. ఆ వారం ఫోటోలన్నీ ఆమె ముందే చెరిపేశారు. సాయంత్రానికి రేకు కత్తిరించి, నల్లరంగు వేసి, అద్దం అంచు చుట్టూ బిగించారు. ఆ తర్వాత ఆవిడే మాకు కాపలా. "సారూ, అద్దం మీద పావురం కూసున్నది!" అని మిద్దె మీది నుంచి కేకేసేది.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒకాయన దాన్ని చూసి, "రోడ్డు మీది అద్దంతో సైన్సా?" అని నవ్వాడు. కోపమొస్తే సారు గొంతు తగ్గేది. "అద్దం రోడ్డుదని మబ్బుకు తెల్వది సార్. మీ కాడ మంచిదుంటే తెచ్చి పక్కన పెట్టుండ్రి. రెండూ సూద్దాం" అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు.

నల్లమబ్బు దట్టంగా కమ్మితే అంకె పడిపోయేది. ఆ సంగతి సారు ఎవరి దగ్గరా దాచలేదు. కానీ తెల్లమబ్బులు విడివిడిగా ఉండి, సూర్యుడు సందులోంచి కనిపించినప్పుడు, వాటి అంచులు కిరణాలను చెదరగొట్టి కిందికి పంపేవి. కాసేపు ఆ అంకె మబ్బులేని మధ్యాహ్నాన్ని కూడా దాటేది. మొదటిసారి చూసి, మీటరు చెడిపోయిందని నేను ఆ అంకె కొట్టేయబోయాను. సారు పెన్ను లాక్కున్నారు. "నీకు నచ్చలేదని కొట్టేస్తవా? మళ్ల సూడు." మళ్ళీ చూశాం. ఆ వానాకాలమంతా చూశాం. అది నిజం.

సారు రాసిన వ్యాసాన్ని ఏ పత్రికా వేసుకోలేదు. వేసుకోకపోతే మానె! నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ పొలాలకు వెళ్ళారు. "మబ్బు పట్టింది కద సారూ, ఎండేడుంది?" అని ఒకామె నవ్వితే, ఆమె బురద చేతిలోనే మీటరు పెట్టి, మబ్బులేని మధ్యాహ్నపు అంకె కూడా చెప్పి, "నువ్వే సూడక్కా" అన్నారు. ఆమె మీటరు చూసింది, మబ్బును చూసింది, నడుముకు చెక్కుకున్న కొంగు తీసి నెత్తిన చుట్టుకుంది. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు చెప్తే, ఆ తల్లి, "నేను జెప్పింది గదే గదా! గా డాక్టరు ఇన్నడా?" అని కొడుకునే కసిరింది. సారు అంత సంతోషంగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

సభ అయ్యాక ఆయన మంచి ఫోటో ఒకటి కావాలని కంప్యూటరంతా వెతికాను. ఫోటో అంటేనే పారిపోయే మనిషి. చివరికి డాబా మీది కెమెరా ఉదయం ఎనిమిది గంటలకు తీసినవి తెరిచాను. రోజూ ఆ వేళకు అద్దం తుడిచేవారు. ప్రతి ఫోటోలో మబ్బుల నడుమ పెద్ద నుదురు, చేతిలో తుడిచే గుడ్డ, పెదవుల మీద ఏదో గొణుగుడు. వందల ఫోటోలు. ప్రతిదానికీ ఎదురుగా రిజిస్టరులో ఆయన రాతే: "మనిషి అడ్డం. పనికిరాదు."

మర్నాడు మొదటి బస్సుకే వచ్చాను. డాబా తాళం చెవి నా దగ్గరే ఉంది, ఇవ్వను. గుడ్డ తడిపి, వంగి, అద్దం తుడిచాను. నెత్తిమీద కెమెరా చప్పుడు చేసింది. రిజిస్టరు తెరిచి, ఆయన ఆపిన చోట కింద వరుసలో ఎనిమిది అని వేసి, "మనిషి అడ్డం" అని రాశాను.

రెండో మాట రాయలేదు.